అడవి మకాంలో చివరి రెండు రోజులు

అడవిలో నాలుగు రాత్రులు మకాం వేసే బృందానికి మొదటి రోజు హుషారు, రెండో రోజు ఆశ, మూడో రోజు నుంచీ విసుగు. పులి కనబడలేదంటే యిక ఆఖరి రోజులు పేకాటకీ, పగటి నిద్రకీ, ఫొటోలకీ చెల్లు. "యింత దూరం వచ్చింది దుప్పుల్ని చూడటానికా?" అనే మాట ప్రతి గుడారంలోనూ వినిపిస్తుంది. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొదటి రెండు రోజులూ అక్షరాభ్యాసానికి సరిపోతాయి. అడవిని కూడబలుక్కుని చదవటం మొదలయ్యేది మూడో రోజునే. అందుచేత యీ వ్యాసంలో ప్రయాణం బడలిక, బస్సులో పాటలు, వంటవాడి ఉప్మా వగైరాలు వదిలేసి, నల్లమలలో బైర్లూటి మకాంలో మేము గడిపిన చివరి రెండు రోజుల్లో అర్థమైన సంగతుల్ని మాత్రమే వివరించే ప్రయత్నం చేస్తాను. దుప్పుల్ని చూడటానికే వెళ్ళామనుకున్నా నష్టం లేదు. యెందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నందిగామ, జగ్గయ్యపేట వాళ్ళకు అడవి అంటే కొండపల్లి గుట్టలు. బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర దొరికే అడవి అది. ఆ పైన మనకు తెలిసింది మునేటి ఒడ్డున, పాలేటి ఒడ్డున పెరిగిన సర్కారు తుమ్మ. నల్లమల సంగతి వేరు. గుంటూరు, వినుకొండ, దోర్నాల మీదుగా వెళ్ళి ఆత్మకూరు దారి పట్టామంటే గంటల తరబడి అడవే. బైర్లూటి ఆ దారిలోనే, ఆత్మకూరుకు యివతల వుంది. ఒకప్పటి కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అటవీశాఖ వారి మకాం. గుడారాలు, గదులు, సఫారీకి జీపులు వున్నాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన యీ ప్రాంతం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు వచ్చింది. దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం యిదే. 2014 తర్వాత కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్ళింది. యివతలి భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పేరుతోనే మనకు మిగిలింది. పులులకు మాత్రం యీ పంపకం తెలియదు.

ఫిబ్రవరి నెల. మద్ది, చిరుమాను ఆకు రాలుస్తున్నాయి. మోదుగ యెర్రబడుతోంది. శివరాత్రి దగ్గరపడటంతో శ్రీశైలం కాలినడక భక్తుల మాటలే అందరి నోటా. వర్షాకాలంలో, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, యాత్రికుల్ని అడవి లోపలికి రానివ్వరు. ఆకు దట్టంగా వున్నప్పుడు వెళ్ళినా కనబడేది తక్కువే. ఫిబ్రవరి అయితే వెలుతురు నేలదాకా దిగుతుంది, నీళ్ళు కొన్ని చోట్లే మిగులుతాయి, జంతువులు అక్కడికి రాక తప్పదు.

యింతకీ పులి యెందుకు కనబడదు? దీనికి అదృష్టం, జాతకం అని జవాబు చెప్పటం కంటే లెక్క చెప్పటం మంచిది. 2022 అంచనాలో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద లెక్కకు వచ్చిన పులులు 63. అంతకుముందు 2018లో 48. దాదాపు అన్నీ నల్లమలలోనే. అభయారణ్యం విస్తీర్ణం బఫర్ తో కలిపి సుమారు 3,300 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే ఒక్కో పులికి యాభై చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన లెక్కలో చెప్పాలంటే పన్నెండు వేల యెకరాల పైమాట. మన మెట్ట గ్రామాల భూములు మూడు నాలుగు వూళ్ళవి కలిపితే గాని అంత కాదు. అంత చేలో ఒక్క మనిషి, అదీ తెల్లవారుజామునా, పొద్దుగూకినాకా మాత్రమే తిరిగే మనిషి వుంటే, మనం జీపులో రెండు గంటలు వెళ్ళి అతణ్ణి చూడలేకపోవటంలో వింతేముంది?

అసలు ఒక్క జంతువుకు అంత నేల దేనికి అన్న ప్రశ్న మా బృందంలో రైతుబిడ్డలందరికీ వచ్చింది. జవాబు వడ్డీ లెక్క లాంటిది. పెద్ద పులి యేడాదికి దాదాపు యాభై పెద్ద జంతువుల్ని, అంటే దుప్పి, కణుజు, అడవిపంది లాంటి వాటిని, తింటుంది. వారానికి ఒకటి అనుకోండి. యేటా యాభై తిన్నా మంద తరగకుండా వుండాలంటే ఆ పులి చుట్టూ సుమారు అయిదు వందల జంతువులు వుండాలి. అయిదు వందలు అసలు, యాభై వడ్డీ. నూటికి పది చొప్పున వడ్డీ తింటూ వున్నంతకాలం పులికీ ఢోకా లేదు, దుప్పికీ ఢోకా లేదు. వేటగాళ్ళు అసలు మీద చెయ్యి వేశారంటే, ఒక్క పులినీ చంపకపోయినా, పులి పోయినట్లే. అయిదు వందల దుప్పులు మేయాలంటే గడ్డి కావాలి, గడ్డికి నేల కావాలి, వేసవిలో నీళ్ళు కావాలి. అందుకే అటవీశాఖ వారు అక్కడక్కడా నేలలో పళ్ళెంలా తొట్లు కట్టి నీళ్ళు పోస్తుంటారు. కొన్ని చోట్ల సూర్యశక్తితో నడిచే బోర్లు వేశారు. పులిని కాపాడటమంటే గడ్డిని కాపాడటం అని యెవరైనా అంటే అది అలంకారం కాదు, లెక్క.

యిక మూడో రోజు సంగతి. తెల్లవారుజామున జీపు దారి పక్కన దిగి, మాకు తోడు వచ్చిన చెంచు పెద్దాయన వెంట దుమ్ముదారిలో కొద్ది దూరం నడిచాం. మొదటి రెండు రోజులూ అదే దారిలో జీపు మీద వెళుతూ మేము చూసింది చెట్ల మధ్య సందుల్ని. ఆయన చూసేది నేలను. రాత్రి మంచుకు తడిసి గట్టిపడ్డ సన్నటి దుమ్ము పలకలాంటిదని అప్పుడు తెలిసింది. కుక్కజాతి అడుగులో గోళ్ళ గుర్తులు పడతాయి. పిల్లిజాతి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది గనుక పడవు. పిల్లిజాతి మెత్త వెనక అంచు మూడు గుండ్రటి తమ్మెలుగా వుంటుంది. పులికీ చిరుతకీ తేడా ప్రధానంగా పరిమాణంలో. మగ పులి వెనకకాలి ముద్ర దాదాపు చదరంగా, ఆడపులిది కొంచెం పొడవుగా వుంటుందంటారు. ముద్ర అంచులు పదునుగా వుంటే కొత్తది, అంచులు విరిగి దాని మీద చీమల దారో, రాలిన ఆకో వుంటే పాతది. రెండో మలుపు దగ్గర ఆయన ఆగి కర్రతో ఓ ముద్ర చుట్టూ గీత గీశారు. చిరుత. అర్ధరాత్రి దాటాక వెళ్ళిందని చెప్పారు. "అర్ధరాత్రని యెలా తెలుసు పెద్దాయనా?" అన్నాం. మంచు పడ్డాక తొక్కిన దుమ్ముకూ, పడకముందు తొక్కిన దుమ్ముకూ తేడా చూపించారు. ప్రాక్టికల్ పరీక్షలో యింత శ్రద్ధగా స్లైడు చూసినవాళ్ళం కాదు మేము.

అయితే పాదముద్రల మీద మరీ నమ్మకం పెట్టుకోవటం ప్రమాదమని మన దేశం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1960లలో ఒరిస్సా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి రూపొందించిన పద్ధతిలో పులి అడుగును గాజుపలక మీద గీసుకుని, యే ముద్ర యే పులిదో పోల్చి లెక్క కట్టేవారు. 1972లో దేశం మొత్తం లెక్కిస్తే 1,827 వచ్చింది. 1973 యేప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది ఆ అంకె చూసి కలిగిన కంగారుతోనే. తరవాత కాగితాల మీద సంఖ్య పెరుగుతూ వచ్చింది. కాని ఒకే పులి తడిమట్టిలో ఒక ముద్ర, ఇసుకలో మరో ముద్ర వేస్తుంది. పోల్చేవాడి కంటిని బట్టి ఒకటి రెండవుతుంది. రాజస్థాన్ లోని సరిస్కాలో కాగితం మీద పులులుండగానే, 2005 నాటికి అడవిలో ఒక్కటీ లేదని తేలింది. ఆ దెబ్బతో పాత పద్ధతి మూలపడింది. కొత్త పద్ధతిలో 2006కు గాను వచ్చిన అంచనా 1,411. అక్కడి నుంచి 2018లో 2,967, 2022లో 3,682 సగటు అంచనాగా వచ్చాయి.

కొత్త పద్ధతి కెమెరాలది. దారికి అటూ యిటూ మోకాలెత్తున చెట్లకు రెండు కెమెరాలు కడతారు. వెచ్చని శరీరం కదిలితే వాటంతటవే ఫొటో తీస్తాయి. రెండు వైపులా యెందుకంటే, పులికి కుడిపక్క చారలు వేరు, యెడమపక్క చారలు వేరు. యే రెండు పులులకూ చారలు ఒకటిగా వుండవు, మన వేలిముద్రల్లాగే. 1990లలో కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ గారు యీ పద్ధతిని పులులకు అన్వయించి చూపారు. 2018 గణనలో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు.

యింత చేసినా అన్ని పులులూ ఫొటోకు చిక్కవు గదా, మరి చిక్కనివాటిని యెలా లెక్కిస్తారు? మా జూనియర్ల కోసం యిది కాస్త నిదానంగా చెబుతాను. ఒక డబ్బాలో కందులున్నాయి, యెన్నో తెలియదు. గుప్పెడు తీసి, యాభై గింజలకు సిరా చుక్క పెట్టి, మళ్ళీ డబ్బాలో పోసి బాగా కలపండి. యిప్పుడు మళ్ళీ నలభై గింజలు తీస్తే అందులో పదింటికి చుక్క వుందనుకోండి. అంటే తీసినవాటిలో నాలుగో వంతుకు చుక్క వుంది. కాబట్టి డబ్బా మొత్తం మీద కూడా నాలుగో వంతుకే చుక్క వుండాలి. చుక్కలు పెట్టింది యాభై. అంటే డబ్బాలో వున్నవి సుమారు రెండు వందలు. పులికి మనం చుక్క పెట్టక్కరలేదు, చారలు పుట్టుకతోనే వున్నాయి. మొదటి విడతలో ఫొటోకు చిక్కిన పులుల్లో యెన్ని రెండో విడతలో మళ్ళీ చిక్కాయో చూస్తే, అసలు చిక్కనివెన్నో అంచనా వస్తుంది. అసలు గణితం యింతకంటే చాలా జటిలం, కాని మూలసూత్రం కందుల డబ్బాయే. యింటి దగ్గర చేసి చూడండి, కందిపప్పు కాకుండా కందులతోనే చేయండి. పప్పుకు సిరా అంటిస్తే అమ్మ వూరుకోదు.

మూడో రోజు సాయంత్రం చెవులకు పాఠం. నీళ్ళ తొట్టికి దూరంగా జీపు ఆపి, యింజను కట్టేసి, అరగంట మాట్లాడకుండా కూర్చోవాలన్నారు. యాభై నిమిషాల క్లాసులో మా వెనక బెంచీలు అయిదు నిమిషాలు నోరు మూసుకోవటం కష్టమని లెక్చరర్లందరికీ తెలుసు. అటువంటిది ఆ అరగంటా యెవ్వరూ కిక్కురుమనలేదు. ముందు కొండముచ్చు దగ్గులాంటి అరుపు. అది చెట్టు చివర కూర్చుని కంటితో చూసి అరుస్తుంది గనుక నమ్మదగిన సాక్షి. చుక్కల దుప్పి కూతకు అంత విలువ లేదు, అది ఆకు గలగలమన్నా బెదురుతుంది. కణుజు అరుపు మాత్రం గంట మీద దెబ్బలా 'ఢాంక్' మని వస్తుంది. అది వూరికే అరవదు. కణుజు పదే పదే అరిచిందంటే పులో చిరుతో రేచుకుక్కలో దగ్గర్లో వున్నట్లే లెక్క. అరుపులు యే దిక్కు నుంచి యే దిక్కుకు జరుగుతున్నాయో గమనిస్తే, కనబడని జంతువు నడిచే దారి చెవితోనే గీయవచ్చు. ఆ సాయంత్రం అరుపులు తూర్పు వాగు నుంచి మొదలై మా వెనకగా ఉత్తరానికి పోయి ఆగిపోయాయి. యేదో నడిచి వెళ్ళింది. యేమిటో మేము చూడలేదు. చూడకపోయినా చాలామందికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ రాత్రి భోజనాల దగ్గర పేకముక్కల ప్రసక్తే రాలేదు.

ఆ రాత్రి మకాంలో వచ్చిన మాటల్లో ఒకటి యిక్కడ చెప్పాలి. 2023 మార్చిలో ఆత్మకూరు ప్రాంతంలోనే పెద్దగుమ్మడాపురం అనే వూరి దగ్గర నాలుగు పులికూనలు దొరికాయి. వూరివాళ్ళు, అంటే మనలాంటి సేద్యగాళ్ళు, వాటికి యే హానీ చేయకుండా కుక్కల బారిన పడకుండా ఓ గదిలో వుంచి అటవీశాఖకు కబురు పెట్టారు. తల్లి కోసం అధికారులు రోజుల తరబడి గాలించారు. పిల్లల్ని తల్లితో కలపటానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. చివరకు వాటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు పంపారు. పత్రికల్లో అది పులికూనల కథగా వచ్చింది. నాకు మాత్రం అది ఆ వూరి కథ. అడవి అంచున సేద్యం చేస్తూ, పశువులు పోగొట్టుకునే అవకాశం యెప్పుడూ పొంచి వున్న మనుషులు పులి పిల్లల్ని చూసి కర్ర యెత్తకుండా కబురు పెట్టారంటే, ఆ సంస్కారం యెక్కడి నుంచి వచ్చిందో సోషియాలజీ వారు చెప్పాలి.

చెంచుల గురించి రెండు మాటలు. నల్లమలకు వాళ్ళు పాతకాపులు. శ్రీశైలం మల్లన్నను అల్లుడిగా, అహోబిలం నరసింహస్వామిని కూడా అల్లుడిగానే చెప్పుకునే జాతి అది. దేవుళ్ళకు పిల్లనిచ్చినవాళ్ళకు ప్రభుత్వాల దగ్గర యేమి దక్కిందన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు 1940లో వాళ్ళ మధ్య వుండి, 1943లో వాళ్ళ మీద గ్రంథం ప్రచురించాడు. యీనాడు అటవీశాఖ కాపలా శిబిరాల్లో పని చేసేవారిలో చెంచులు చాలామంది. కెమెరా యెక్కడ కట్టాలో నిర్ణయించేది కంప్యూటరు అని మనం అనుకుంటాం. కంప్యూటరు గడి గీస్తుంది, ఆ గడిలో పులి నడిచే దారి యేదో చూపించేది చెంచు కన్ను. శాస్త్రీయ పత్రాల్లో ఆ కన్నుకు దక్కే చోటు మరి కాస్త పెద్దదై వుండాలని నా అభిప్రాయం.

నాలుగో రోజు ఉదయం మళ్ళీ సఫారీ. కనబడ్డవి: చుక్కల దుప్పులు, నెమళ్ళు, ఒక మనుబోతు, దూరంగా యెలుగుబంటి తవ్విపోసిన చెదలపుట్ట. ఎలుగు మాత్రం కనబడలేదు. వచ్చాక మకాం సర్దుడు. యీ పని మీద మా లెక్చరర్ గారు మధ్యాహ్నం దాకా పట్టుబట్టారు. అన్నం మెతుకులు, నూనె, ఉప్పు, పండ్ల తొక్కలు, యేవీ మకాం చుట్టూ పారేయకూడదు. యెందుకంటే అవి మొదట అడవిపందినీ, కొండముచ్చునీ, ఆపైన యెలుగునూ మనిషి దగ్గరకు అలవాటు చేస్తాయి. మనిషంటే భయం పోయిన జంతువు యెక్కువ రోజులు బతకదు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డు మీద భక్తులు అరటిపండ్లు విసిరితే కోతులు బస్సుల కింద దూరటం అందరూ చూసిందే. పుణ్యం అనుకుని చేసేది హత్య. అదే రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు గనుక రాత్రి జంతువులు కొంత బతికిపోతున్నాయి.

యిదంతా సర్దుతుండగా చెంచు పెద్దాయన వేపపుల్ల నములుతూ మా వూళ్ళ గురించి అడిగారు. మాది మెట్ట సేద్యమనీ, పత్తి, మిర్చి, మొక్కజొన్న వేస్తామనీ, అడవిపందులతో రాత్రుళ్ళు కాపలా తప్పటం లేదనీ చెప్పాం. "మీ తట్టు పులి లేదు గదా బాబూ. మరి పందిని యెవరు తింటారు?" అన్నారాయన. జోక్ కాదు, మామూలుగా అడిగారు. మా దగ్గర జవాబు లేకపోయింది. దుప్పుల్ని చూడటానికే వెళ్ళామనుకున్నా నష్టం లేదన్నాను కదా. అయిదు వందల అసలు, యాభై వడ్డీ లెక్క మన వూళ్ళో యెలా తిరగబడిందో ఆ ఒక్క మాటతో అర్థమైంది.

అడవిపంది బిడ్డను మోసేది నాలుగు నెలల లోపే. ఒక ఈతకు నాలుగు, అయిదు, ఆరు పిల్లలు. యేడాది, యేడాదిన్నర తిరిగేసరికి ఆ పిల్లలూ ఈతకు వస్తాయి. అడవిలో పులి, చిరుత, రేచుకుక్క యీ వడ్డీని యెప్పటికప్పుడు తీసుకుంటుంటాయి. మన మెట్టలో తీసుకునేవాడు లేడు. పైగా మనం దానికి యిల్లు కట్టించాం. మునేరు, పాలేరు, వైరా యేటి ఒడ్డులంట సర్కారు తుమ్మ పొదలు పగలు పడుకోవటానికి, పక్కనే మొక్కజొన్న రాత్రి భోజనానికి. పాలు పోసుకునే కండె అంటే దానికి పరమాన్నం. అదే జంతువు అడవిలో ముట్టెతో నేల తవ్వి గింజల్ని మట్టిలో కలుపుతుంది, నేలను గుల్ల చేస్తుంది. అక్కడ కూలీ, యిక్కడ దొంగ. జంతువు మారలేదు, లెక్క మారింది.

చట్టం యేమంటుంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిపంది మూడో షెడ్యూలులో వుండేది. 2022 సవరణతో రెండో షెడ్యూలులోకి వచ్చింది. అంటే రైతు తనంత తాను చంపకూడదు. అయితే అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం మనుషులకు గాని, నిలిచిన పైరుతో సహా ఆస్తికి గాని ప్రమాదకరమైన జంతువును చంపేందుకు అధికారి లిఖితపూర్వకంగా అనుమతి యివ్వవచ్చు. కేంద్రం ఒక ప్రాంతంలో కొంతకాలం దాన్ని హానికర జంతువుగా ప్రకటించవచ్చు కూడా. బీహారులో 2015లో, ఉత్తరాఖండ్ లో 2016లో అలా చేశారు. కేరళలో 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే అనుమతి యిచ్చే అధికారం కల్పించారు. 'పైరుతో సహా' అనే ఆ రెండు మాటలు చట్టంలో వున్నాయని మన రైతుల్లో తెలిసినవాళ్ళు బహు తక్కువ. తెలియక చేసే పని వేరే వుంది. ఆ విషయమే నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

చేను చుట్టూ జీఐ తీగ కట్టి, కరెంటు స్తంభం నుంచి నేరుగా కొక్కెం తగిలించటం. పంది చస్తుంది, నిజమే. తెల్లవారి నీళ్ళు కట్టటానికి వచ్చిన పక్క చేను మనిషీ చస్తాడు. మేత మేసే గేదె చస్తుంది. తీగ కట్టినవాడే చీకట్లో మరిచి తాకి చచ్చిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లోనూ చూస్తూనే వున్నాం. అడవి అంచున అయితే పులులూ పోతున్నాయి. దీనికీ సోలార్ కంచెకూ తేడా యేమిటని చాలామంది అడుగుతారు. రెండిట్లోనూ కరెంటే కదా అంటారు. తేడా అంతా కాలంలో వుంది.

యింటి కరెంటు 230 వోల్టులు, సెకనుకు వంద సార్లు దిశ మార్చుకుంటూ ఆగకుండా ప్రవహిస్తుంది. పట్టుకున్న చేతి కండరాలు బిగుసుకుపోయి తీగను వదలలేవు. ఆ ప్రవాహం ఛాతీ మీదుగా పోతే గుండె గదులు లయ తప్పి వణుకుతాయి, రక్తం నెట్టటం మానేస్తాయి. కొద్ది క్షణాల్లో మనిషి పోతాడు. సోలార్ కంచెలో బ్యాటరీ 12 వోల్టులదే. ఎనర్జైజర్ అనే పెట్టె దాన్ని కొన్ని వేల వోల్టులకు పెంచి, సుమారు సెకనుకు ఒక్కసారి, సెకనులో వెయ్యోవంతు అటూయిటూగా వుండే చిన్న దెబ్బగా వదులుతుంది. వోల్టులు వేలల్లో వున్నా దెబ్బ వున్న కాలం అత్యల్పం గనుక అందే శక్తి తక్కువ. దెబ్బకూ దెబ్బకూ మధ్య దాదాపు సెకను ఖాళీ. కండరం సడలి, తాకినవాడు వెనక్కి తగ్గటానికి అది చాలు. కొరడా దెబ్బకూ వురితాడుకూ వున్నంత తేడా యిది. పందికి ముట్టె తడిగా వుంటుంది గనుక కింది తీగ నేలకు జానెడు యెత్తులో వుంటే దెబ్బ గట్టిగా తగులుతుంది. తీగల కింద గడ్డి పెరిగి తాకితే కరెంటు నేలలోకి జారిపోయి కంచె వుత్తుత్తి అవుతుంది. అంచేత సోలార్ కంచె కొన్నవాడు కొడవలి కూడా పట్టాలి. 'సోలార్ పెట్టినా లాభం లేదు' అనే ఫిర్యాదుల్లో కొంత భాగం యీ గడ్డి వల్లేనని నా అనుమానం.

కంచె కొనే శక్తి అందరికీ వుండదు. పాత పద్ధతులు మన పెద్దలకు తెలిసినవే: మంచె, డప్పు, క్షవరశాల నుంచి తెచ్చిన జుట్టు గట్ల మీద చల్లటం, పాత చీరలు చుట్టటం. జుట్టు పనిచేసే కారణం, పంది చూపు మందం, వాసన చురుకు. నేల వాసన చూస్తూ నడుస్తుంటే జుట్టు ముక్కులోకి వెళ్ళి చిరాకు పెడుతుంది. వాన పడితే జుట్టు మట్టిలో కలిసిపోతుంది, మళ్ళీ చల్లాలి. వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పే మరో మార్గం అంచు పంట. మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసలు దట్టంగా ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ. ఆముదపు వాసన లోపలి పంట వాసనను కప్పేస్తుంది, పైగా పంది ఆముదాన్ని తినదు. కుసుమ ముళ్ళు ముట్టెకు గుచ్చుకుంటాయి. అన్నిటికంటే మూలమైనది ఒడ్డుల మీది సర్కారు తుమ్మ. అది వున్నంతకాలం పంది మన పొరుగునే కాపురం వుంటుంది. దాన్ని కొట్టి యేం వేయాలన్నది బాటనీ వారి ప్రశ్న.

రైతు అడిగే అన్ని ప్రశ్నలకూ రక్షణ చట్టం దగ్గర జవాబు దొరకదు. రోళ్ళపాడు దీనికి తార్కాణం. నందికొట్కూరు దగ్గర ఆ పచ్చికబయళ్ళను బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు అక్కడ ఆ పిట్టను అధ్యయనం చేశారు. కాపలా వల్ల కృష్ణజింకలు బాగా పెరిగాయి, చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. యే పిట్ట కోసం యిదంతా చేశారో ఆ పిట్ట కనుమరుగైంది. రైతుకు జింక మిగిలింది. నష్టపరిహారం సకాలంలో అందితే రైతు జింకను ఓర్చుకుంటాడు, అందకపోతే తీగ కడతాడు. యింత మాత్రం తెలుసుకోవటానికి పెద్ద సర్వే అక్కరలేదు.

అడవిలో నేర్చుకున్న పద్ధతినే మన పొలాల్లో వాడవచ్చునని తిరుగు ప్రయాణంలో బస్సులోనే ఒక ఆలోచన చేశాం. రానున్న రబీలో మొక్కజొన్న కండె పాలు పోసుకునే వేళ, మునేటి ఒడ్డున రెండు కిలోమీటర్ల గీత యెంచుకుని, ప్రతి వంద మీటర్లకు గజం వెడల్పున నేల చదును చేసి, జల్లించిన దుమ్ము పరచి, తెల్లవారి ముద్రలు లెక్కించాలి. పంది గిట్ట గుర్తు పట్టటం తేలిక: ముందు రెండు పెద్ద గిట్టలు, వాటి వెనక పక్కలకు విచ్చుకుని రెండు చిన్నవి. గొర్రెకూ మేకకూ మామూలు నేలలో ఆ చిన్నవి పడవు. యిలా పది రాత్రులు చేస్తే పందులు యే పొదల నుంచి యే చేలకు దిగుతున్నాయో దారి తెలుస్తుంది. అప్పుడు కంచె ఊరంతా కట్టక్కరలేదు, ఆ దారులకు అడ్డంగా నలుగురు రైతులు కలిసి కడితే చాలునేమో చూడవచ్చు. దుమ్ముకు బదులు పొయ్యి బూడిద యింకా మెరుగని మా నాయన అన్నారు. బూడిద మా వాడలో కావలసినంత వుంది. జల్లెడలు రెండు కావాలి, టార్చిలైట్లు నాలుగు. రెండో సంవత్సరం విద్యార్థుల్లో తెల్లవారుజామున లేవగలిగినవాళ్ళు జువాలజీ లేబొరేటరీలో పేర్లు యిస్తే సరిపోతుంది.